‘ఎంతిస్తాది?’: ఒక బండిపద్యానికి బళ్ళారి టీక

అవతారిక

బళ్ళారిలో కొత్త బండి కొన్నవాణ్ణి మొదట అడిగేది ధర కాదు, రంగూ కాదు. తెలుగువాడైతే “ఎంతిస్తాదిన్నా?” అంటాడు. కన్నడంవాడైతే “ఎష్టు కొడుత్తప్పా?” అంటాడు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, బంకులో రెండూ కలిపి మాట్లాడే ఊరు కనక ఒకే మనిషి ఒకే ఊపిరిలో రెండు రకాలుగానూ అడగడం కద్దు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు పాత బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. పొలాలు, చుట్టరికాలు, కోర్టు వ్యాజ్యాలు చెరోవైపూ పడ్డాయి. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ పంచుకోలేని ఉమ్మడి ఆస్తిగా మిగిలింది.

ఇంత ప్రసిద్ధమైన ప్రశ్నకు పద్యరూపంలో జవాబు లేకపోవడం లోటనిపించి ఒక ఆటవెలది కట్టాను. కర్త అజ్ఞాతుడని రాసి ఉంటే పద్యానికి ప్రాచీనత, టీకకు గౌరవం దక్కేవి. కాని మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి. ఆ ఇంటిపేరుతోనే కోలాచలం శ్రీనివాసరావు గారు ఈ బళ్ళారిలో ప్లీడరీ చేస్తూ నాటకాలు రాశారు. ఆ పేరు మోగిన ఊళ్ళో కూచుని మొదటి పేరాలోనే అబద్ధమాడడానికి చెయ్యి రాలేదు. కనక పద్యం నాదే, టీకా నాదే. తప్పులు మాత్రం ఆచారం ప్రకారం లేఖకుడివి.

మూలం

బరువు పెరుగు కొలఁది పరుగు తగ్గును గాని
యెదుటి గాలి మింగు నింధనంబు
ఆగి సాగు బండి కాకలి తీరదు
టాంకు నిండ జేబు ఠావు దప్పు

ప్రతిపదార్థం

బరువు = భారము; పెరుగు కొలఁది = హెచ్చుతున్నకొద్దీ (పెరుగు అనగా ఇక్కడ గడ్డపెరుగు కాదు); పరుగు = లీటరుకు నడిచే దూరము, అనగా మైలేజీ; తగ్గును = క్షీణించును; గాని = గాని (దీని అర్థం చివర విచారించబడును); ఎదుటి గాలి = బండికి అడ్డుపడే వాయువు; ఇంధనంబు = పెట్రోలు, డీజిలు మొదలైనదానిని; మింగున్ = నమలకుండా లోపలికి తీసుకొనును; ఆగి సాగు = సర్కిలు సర్కిలుకూ నిలిచి కదలే; బండికిన్ = వాహనమునకు; ఆకలి తీరదు = తృప్తి లేదు; టాంకు నిండన్ = ఫుల్ ట్యాంక్ కొట్టించగా; జేబు = చొక్కాకు ఎడమవైపున ఉండు సంచి; ఠావు తప్పున్ = ఉండవలసిన చోట ఉండదు, అనగా ఖాళీ అయిపోవును.

తాత్పర్యం

బండి బరువైతే మైలేజీ పడిపోతుంది. వేగం పెంచితే గాలి తింటుంది. ఊళ్ళో ఆగుతూ పోతే ఎంత పోసినా చాలదు. ఇవన్నీ తెలిసి కూడా ట్యాంకు నింపుకునేవాడి జేబు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంత తేలికైన తాత్పర్యానికి టీక ఎందుకని అడగవచ్చు. తేలికగా కనిపించే బండి ఎంత తాగుతుందో వాడితేనే తెలుస్తుంది. పద్యమూ అంతే.

ఛందస్సు, వ్యాకరణం

ఇది ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలు. ఈ ఛందస్సును ఎంచుకోవడానికి కారణం ఉంది. శార్దూలం, మత్తేభం పన్నెండు చక్రాల బళ్ళు. సమాసాల లోడెక్కించుకుని మూలుగుతూ పోతాయి. ఇక్కడికి అరవై కిలోమీటర్లలో ఉన్న హంపిని ఏలిన రాయలవారి ఆముక్తమాల్యద తెరిస్తే ఒక పూటకు ఒక పద్యం నడిస్తే గొప్ప. వేమన వాడిన ఆటవెలది అలాకాదు. మోపెడ్ లాంటిది. కిక్కు కొట్టకుండానే కదులుతుంది, సందుల్లో దూరుతుంది, పామరుణ్ణి కూడా ఎక్కించుకుంటుంది. మైలేజీ గురించి చెప్పే పద్యానికి మైలేజీ ఉన్న ఛందస్సు వాడడమే ఔచిత్యం.

యతులు: బ–ప, ఎ–ఇ, ఆ–కా(ఆ), టా–ఠా. నాలుగోది చూడండి. లోకంలో అందరూ ‘ట్యాంకు’ అంటారు. పద్యంలో ‘టాంకు’ అన్నది యతికోసమూ కాదు, గణంకోసమూ కాదు, బరువు తగ్గించడానికి. ‘య’ఒత్తు కూడా బరువే కదా అని కవి హృదయం. ‘ట్యాంకు నిండ’ అని పాఠాంతరం. అది బంకు కుర్రాళ్ళ పాఠం.

బండికి + ఆకలి = బండికాకలి. ఇకారసంధి. ‘కి’ ఏమ్యాదుల్లో చేరింది కనక కుదిరింది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన ఏ.డి. క్యాంప్‌బెల్ దొర తర్వాత ఈ జిల్లాకే కలెక్టరుగా వచ్చాడు. అలాంటి జిల్లాలో సంధి చెప్పకుండా ముందుకు పోవడం మర్యాద కాదు.

ప్రథమ పాద వ్యాఖ్య

బరువు పెరిగితే పరుగు ఎందుకు తగ్గాలి? చక్రం ఉన్నదే బరువు తెలియకుండా చేయడానికి గదా అని శంక.

సమాధానం: చక్రం తెలియకుండా చేస్తుంది, లేకుండా చేయదు. గాలి నింపిన టైరు నేలకానిన చోట నలుగుతుంది. ముందుకు దొర్లాక మళ్ళీ సర్దుకుంటుంది. నలిగేటప్పుడు పుచ్చుకున్న శక్తినంతా సర్దుకునేటప్పుడు తిరిగివ్వదు. కొంత వేడి చేసి గాలికి వదిలేస్తుంది. అప్పు తీసుకుని, అసలులో కొంత ఎగ్గొట్టి, మళ్ళీ నవ్వుతూ ఎదురయ్యే బంధువులాంటిది టైరు. అడుగడుగునా తీసుకుంటుంది, అడుగడుగునా కొంచెం ఎగ్గొడుతుంది. బరువు ఎక్కువైతే నలుగుడు ఎక్కువ, ఎగవేత ఎక్కువ.

లెక్క ఇది. చదునైన తారురోడ్డు మీద వెయ్యి కిలోల కారును నిదానంగా నడిపించడానికి సుమారు పది కిలోల తోపు కావాలి, నూటికి ఒకటి. రెండు వేల కిలోల కారుకు ఇరవై. టైర్లలో గాలి తగ్గితే ఈ నూటికి ఒకటి ఇంకొంచెం పెరుగుతుంది. కనక ‘గాలి’ శబ్దం రెండో పాదంలో ఉన్నా అర్థం మొదటి పాదానికి కూడా అన్వయిస్తుంది: ఎదుటి గాలి ఎక్కువైనా నష్టమే, లోపలి గాలి తక్కువైనా నష్టమే. దీన్ని శ్లేష అనాలో పంచరు షాపువాడి ఉపదేశం అనాలో పండితులు తేల్చుకోవాలి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం టైరులా నలగదు. అందుకే రైలుకు ఈ ఎగవేత కారు టైరుతో పోలిస్తే ఐదో వంతు, ఇంకా తక్కువ కూడాను. సండూరు కొండల దిక్కున ఖనిజం నింపుకుని కదిలే గూడ్సు అంత నెమ్మదిగా, అంత ధీమాగా పోవడానికి కారణం అదే.

చదునులో బరువు వడ్డీ మాత్రమే అడుగుతుంది. ఎత్తెక్కేటప్పుడు అసలుకు అసలు అడుగుతుంది. పెట్రోలులో ఉన్న శక్తిలో నాలుగో వంతు చక్రాలకు చేరితే ఎక్కువ. తక్కినది రేడియేటరు, సైలెన్సరు పంచుకుంటాయి. ఆ లెక్కన వెయ్యి కిలోల కారు నూరు మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఎనిమిదో వంతు లీటరు పడుతుంది. రెండు వేల కిలోల కారుకు పావు లీటరు. మనిషి ఒక్కడే, కొండ ఒక్కటే. తాగినది మాత్రం రెండింతలు.

ఇక్కడ బళ్ళారికి ప్రకృతి చేసిన ఉపకారం ఒకటి చెప్పుకోవాలి. ఇనుము కొండల మీద ఉంది. టిప్పరు ఖాళీగా ఎక్కుతుంది, లోడుతో దిగుతుంది. దేవుడు ఖనిజాన్ని లోయలో పెట్టి ఫ్యాక్టరీని కొండమీద పెట్టించి ఉంటే లారీ యజమానులు ఏనాడో సన్యసించేవారు. దిగేటప్పుడు ఆ టన్నుల బరువు తనంతట తానే తోస్తుంది. మనం దాన్ని బ్రేకుల్లో కాల్చి పొగ చేస్తాం. స్విట్జర్లాండులో ఒక సిమెంటు రాతిగనిలో ఇదే పని కరెంటు టిప్పరుతో చేశారు. ఖాళీగా ఎక్కి, రాయితో దిగుతూ, దిగేటప్పటి తోపుతో తన బ్యాటరీనే నింపుకుంటుంది. మనం బ్రేకు లైనర్లు మార్పించుకునే చోట వాళ్ళు కరెంటు పిండుకున్నారు.

కొందరు ‘బరువు’ను ఓవర్‌లోడు అని మాత్రమే వ్యాఖ్యానిస్తారు. అది స్టీరింగు మతం. 2018 జులైలో కేంద్రం పది చక్రాల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు, అన్నిటికన్నా పెద్ద బళ్ళకు 49 నుంచి 55కు పెంచింది. నిన్నటిదాకా ఓవర్‌లోడుగా ఉన్నది ఒక ఉత్తర్వుతో లోడు అయిపోయింది. స్మృతులు మారితే పాపపుణ్యాలు మారినట్టు. టైరు మాత్రం గెజెట్టు చదవదు. పాత లెక్కనే నలుగుతుంది.

గ్యారేజీ మతం వేరు. కౌల్ బజారులో నా మోపెడ్ విప్పి ఆరబోసిన మెకానిక్కు ఒకాయన, “బండి బరువు కాదు సార్, నీ బరువు చూసుకో” అన్నాడు. నేను దాన్ని వ్యక్తిగతంగా తీసుకున్నాను. తర్వాత ఆలోచిస్తే శాస్త్రీయంగా కూడా తీసుకోవాల్సిన మాటే. మోపెడ్ బరువు దాదాపు 90 కిలోలు. దాని మీద నేను, వెనక మా ఆవిడ, ముందు కూరల సంచి. మోసేదాని కన్నా మోయబడేది ఎక్కువ. బళ్ళారి జీన్సు గోదాముల దగ్గర నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది: ప్యాంట్ల మూటల వెనక మోపెడ్డే కనిపించదు, మూటలు వాటంతట అవి నడుస్తున్నట్టు ఉంటాయి. ‘బరువు’లో స్వభారం, పరభారం అని రెండున్నాయని మెకానిక్కు పరోక్షంగా సూచించాడు. ఈ భేదం గుర్తుంచుకోండి; ‘గాని’ దగ్గర పనికొస్తుంది.

ద్వితీయ పాద వ్యాఖ్య

గాలి కంటికి కనపడదు కనక దాని బిల్లు ఎవరూ చూడరు. చేతిని కిటికీలోంచి బయట పెట్టినవాడికి మాత్రం తెలుసు, ఎనభైలో అది గాలి కాదు, గోడ.

మళ్ళీ అదే వెయ్యి కిలోల కారు. గంటకు 40 కిలోమీటర్లలో గాలి అడ్డు సుమారు ఐదు కిలోలు. 80లో ఇరవై. నూటిలో ముప్పై దాటుతుంది. వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలు. టైరు అడిగేది మాత్రం ఎంత వేగంలోనైనా దాదాపు ఆ పదే. అంటే అరవై దాకా బరువు యజమాని, అరవై దాటాక గాలి యజమాని. పద్యంలో మొదటి పాదానికి బరువు, రెండో పాదానికి గాలి రావడం ఈ క్రమాన్ని అనుసరించే. దీన్ని క్రమాలంకారం అంటే తప్పులేదు.

గాలికి బరువుతో పనిలేదు. ఎన్ని కిలోలని కాదు, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, మొహం ఎంత నిటారు అని అడుగుతుంది. పాత మారుతి 800 సుమారు 650 కిలోలుండేది, పొట్టిగా, ముడుచుకుని. 1983 డిసెంబరులో అది రోడ్డెక్కినప్పుడు దాని పక్కన అంబాసిడరు గుమాస్తా పక్కన జమీందారులా కనిపించేది. ఇప్పుడు రెండు టన్నుల జీపు తరగతి కార్లు వచ్చాయి. అవి జమీందారులు కారు, జమీందారు గారి దివాణాలు. ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ మొహానికి గాలి పక్కకు తప్పుకోదు, ఢీకొని తిరగబడుతుంది. దాని మీద క్యారియరు బిగించి, పెళ్ళి సామానంతా కట్టి, పైన టార్పాలిన్ రెపరెపలాడిస్తూ గుత్తి వైపు నూటిలో పోయేవాడు డీజిలు గాలిలో కలిపేస్తున్నాడు. అమెరికా ప్రభుత్వ లెక్కలో బండిలో బరువు 45 కిలోలు పెరిగితే మైలేజీ నూటికి ఒకటి తగ్గుతుంది. అదే సామాను పైకప్పు మీద పెట్టెలో పెడితే హైవేలో నూటికి ఆరు నుంచి పదిహేడు దాకా పోతుంది. అదే సామాను, అదే బరువు. డిక్కీలో పెడితే కూలి ఒకటి, నెత్తిన పెడితే కూలి పది.

ఆక్షేపం: చిన్న కారుకి కూడా ఇదే గాలి కదా? ఔను. కాని చిన్న కారు వంగి దణ్ణం పెట్టి పక్కనుంచి పోతుంది. ఇతి భావః.

తృతీయ పాద వ్యాఖ్య

మొదటి రెండు పాదాలు హైవే. మూడోది ఊరు. రాయల్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి బండి నడిపినవాడికి ఈ పాదానికి టీక అక్కర్లేదు. నడపనివాడి కోసం రాస్తున్నాను.

బండి అరవై వేగం అందుకోవడానికి శక్తి పెట్టుబడి పెడుతుంది. బ్రేకు నొక్కగానే ఆ పెట్టుబడంతా బ్రేకు డిస్కులో వేడై పోతుంది. వెయ్యి కిలోల కారుకు ఒక్కసారి అలా అందుకుని ఆగడానికి పట్టేది సుమారు 17 మిల్లీలీటర్లు. ఆచమనానికి ఉద్ధరిణెతో మూడుసార్లు తీసుకున్నంత. రెండు టన్నుల కారుకు ఆరు ఉద్ధరిణెలు. హోసపేట నుంచి వస్తూ ఊళ్ళోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఎద్దుకు, ఆటోకు, మాటలు ముగించని మిత్రులకు, గుంతకు, గుంత కన్నా ఎత్తుగా వేసిన స్పీడ్ బ్రేకరుకు లెక్కపెట్టి ఆచమనం చేయించండి. సంధ్యావందనం పూర్తయ్యేలోపల పావు లీటరు సమర్పయామి.

ఇక్కడ బరువే మళ్ళీ ప్రధానం. ఊళ్ళో గాలికి పనిలేదు. ఆగి సాగే ప్రతిసారీ బరువు తన వాటా పూర్తిగా వసూలు చేస్తుంది. కనక పెద్ద కారు హైవేలో గాలికి, ఊళ్ళో బ్రేకుకు, రెండు చోట్లా బలి అవుతుంది. సర్కిలు దగ్గర నిలబడి ఇంజను ఆపనివాడి సంగతి: చిన్న కారు ఊరికే నిలబడి గంటకు అర లీటరు పైనే తాగుతుంది. అప్పుడు దాని మైలేజీ సున్నా. “ఎంతిస్తాది?” అంటే నిజాయితీగా “ఏమీ ఇవ్వట్లేదప్పా, నిలబడింది” అనాలి.

స్టీరింగు మతస్థుల మాట ఒకటి ఇక్కడ ఖండించక తప్పదు. దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే డీజిలు మిగులుతుందని వారి సిద్ధాంతం. పాత కార్బ్యురేటరు బళ్ళ కాలంలో అందులో కొంత నిజముంది. ఇప్పటి ఇంజెక్టరు బళ్ళలో గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వదిలితే ఇంజను చావకుండా ఉండడానికి తాగుతూనే ఉంటుంది. పైగా ఘాటులో లోడుబండిని న్యూట్రల్‌లో వదిలినవాడు మిగిల్చిన డీజిలును వాడుకోవడానికి మిగలకపోవచ్చు.

చతుర్థ పాద వ్యాఖ్య

టాంకు నిండ జేబు ఠావు దప్పు. ఇది సరిహద్దు పాదం.

ఆంధ్రలో పెట్రోలు, డీజిలు మీద పన్ను ఎక్కువ; కర్ణాటకలో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. అందుకని గుంతకల్లు, ఆలూరు, రాయదుర్గం దారుల్లో సరిహద్దు దాటగానే బంకులుంటాయి. అటు నంబరు ప్లేటు బళ్ళు ఇటు వరసలో నిలబడతాయి. “సున్నా చూసుకోండి సార్” అనే మాట అక్కడ రెండు భాషల్లో వినిపిస్తుంది. సరిహద్దు గీసినవాళ్ళు భాష చూసి గీశారు. పెట్రోలు కొట్టించేవాడికి రేటే మాతృభాష.

దీని మీద ఒక చిన్న లెక్క. అంకెలు లెక్కకోసం వేసుకున్నవి. లీటరుకు ఐదు రూపాయలు మిగులుతుందనుకుందాం, లీటరు నూరు అనుకుందాం. సరిహద్దుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న మోటారు సైకిలాయన పనిగట్టుకుని వచ్చి పది లీటర్లు కొట్టించాడు. మిగిలింది యాభై. పోనురాను ముప్పై కిలోమీటర్లు, లీటరుకు యాభై వంతున అరవై రూపాయలు తాగింది. పది నష్టం. కారాయన నలభై లీటర్లు కొట్టించి రెండు వందలు మిగిల్చాడు. లీటరుకు పదిహేను ఇచ్చే కారు ముప్పై కిలోమీటర్లకు రెండు లీటర్లు తాగింది, అంటే రెండు వందలు. సరికి సరి. లాభమల్లా దారిలో తాగిన టీ, దొరికిన చుట్టం. ఏదైనా పనిమీద బళ్ళారి వచ్చి పోయేటప్పుడు కొట్టించుకున్నవాడిదే తెలివి. ఊరికే దానికోసమే వచ్చినవాడు జేబును ఠావు తప్పించుకున్నవాడు.

ఇంకో ఆక్షేపం ఉంది: ట్యాంకు నింపితే బండి బరువు పెరిగి మైలేజీ తగ్గదా, సగమే కొట్టించుకోవడం మేలు కాదా? నలభై లీటర్ల పెట్రోలు ముప్పై కిలోలే. వెనక సీట్లో ఒక బడిపిల్లవాడు కూచున్నట్టు. ఆ నష్టం నూటికి ఒకటి కూడా కాదు. దానికోసం రెండుసార్లు బంకుకు తిరిగేవాడు తలనొప్పి తగ్గడానికి తల బరువు తూచుకునేవాడు.

‘గాని’ శబ్ద విచారణ

ఇప్పుడు వదిలేసిన మాట దగ్గరికి వద్దాం. ‘బరువు పెరుగు కొలఁది పరుగు తగ్గును గాని’. గాని, ఏమిటి?

ఈ ఊరు వాదోపవాదాలకు కొత్తది కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, కోలాచలం వారు ఇద్దరూ ఇక్కడి ప్లీడర్లే. పగలు కోర్టులో, రాత్రి రంగస్థలం మీద పోటీపడ్డవారే. వారి బాటలోనే ఇరుపక్షాలూ వినిపిస్తాను.

పూర్వపక్షం ఒకటి: ‘గాని’ పాదపూరణం. గణం చాలక కవి తోసిన పొట్టు. కవి నేనే కనక చెప్పగలను, మొదట నిజంగానే అలాగే తోశాను.

పూర్వపక్షం రెండు: ‘బరువు కన్నా గాలి ఎక్కువ తింటుంది’ అని రెండో పాదంతో కలిపి అన్వయించాలి. హైవేలో ఇది చెల్లుతుంది. ఊళ్ళో చెల్లదు. సర్కిలు సర్కిలుకీ అర్థం మారే అన్వయం అన్వయం కాదు.

సిద్ధాంతం: ‘గాని’ దగ్గర ఒక ప్రశ్న అధ్యాహార్యం. బరువు పెరిగితే పరుగు తగ్గుతుంది. గాని, ఎవరి బరువు? బండి తన్ను తాను మోసుకున్న బరువా, మనకోసం మోసిన బరువా?

“ఎంతిస్తాది?” అనే ప్రశ్నలో కర్త ఉంది, క్రియ ఉంది, పరిమాణం ఉంది. ఏం మోస్తూ అన్నది లేదు. ఆ లోపమే ‘గాని’ దగ్గర బయటపడుతుంది. గుండ్రటి అంకెలతో చూద్దాం. నూట పన్నెండు కిలోల మోటారు సైకిలు, డెబ్బై కిలోల మనిషి, లీటరుకు అరవై కిలోమీటర్లు. టన్ను బరువును ఎంత దూరం మోసినట్టని లెక్క కడితే లీటరుకు నాలుగు కిలోమీటర్ల చిల్లర. రెండు టన్నుల కారు, అదే మనిషి ఒంటరిగా, లీటరుకు పన్నెండు: టన్నును ఒక కిలోమీటరు కూడా మోయలేదు. మిగతాదంతా తనను తాను మోసుకుంది. పల్లకీలో బోయీలే ఎక్కి కూచుని దొరను మధ్యలో ఇరికించుకున్నట్టు.

ఇప్పుడు పది చక్రాల లారీ. దాని పక్కన నిలబడి “ఎంతిస్తాది?” అంటే డ్రైవరు “నాలుగు” అంటాడు. మోటారు సైకిలాయన నవ్వుతాడు. కాని ఆ నాలుగు పద్ధెనిమిది టన్నులతో. టన్నును డెబ్బై రెండు కిలోమీటర్లు మోసినట్టు. ఖాళీగా వెనక్కి వచ్చిన డీజిలు కూడా కలిపి లెక్క కట్టినా నలభై మిగులుతుంది. అరవై ఇచ్చే మోటారు సైకిలు కన్నా నాలుగే ఇచ్చే లారీ పదింతలు పొదుపరి. లీటరుకు ఐదు కిలోమీటర్లిచ్చే బస్సూ అంతే. యాభైమంది ఎక్కితే ఒక మనిషిని లీటరుకు రెండు వందల యాభై కిలోమీటర్లు తీసుకుపోయినట్టు. ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) బాగా తెచ్చిన డ్రైవరుకు మెప్పు దక్కుతుంది. నిజానికి సగం మెప్పు కిటికీ పక్కన కూచుని నిద్రపోయే ప్రయాణికుడిది. అతను లేకపోతే, ముగ్గురే ఉన్న రాత్రి బస్సు మోటారు సైకిలు కన్నా హీనం.

నిండా ఎక్కించిన బండి పెద్దదైనకొద్దీ మోతకు పడే ఖర్చు తగ్గడం బళ్ళకే పరిమితం కాదు. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల ఆకలి లెక్క తీశాడు. ఒంటి బరువు పదహారు రెట్లయితే ఆకలి ఎనిమిది రెట్లే అవుతుంది. హంపి గజశాలలో ఏనుగుల మేత లెక్కలు చూసిన సంప్రతి కరణం ఎవరైనా గుండె బాదుకుని ఉంటాడు; అదే బరువుకు సరిపడా ఎలుకల్ని పెంచమంటే గుండే ఆగిపోయేది. ఏనుగును తప్పుపట్టాల్సింది అది తినేటప్పుడు కాదు, అంబారీ మీద ఒక్కణ్ణే ఊరేగించేటప్పుడు.

ఒక ఉపశంక: మరి పెద్ద కారు కొనడం తప్పేనా? ఏడుగురెక్కి తిరుపతికి పోతే తప్పు కాదు. ఆ లెక్కలో అది మోటారు సైకిలును మించుతుంది. తలుపుల్లో ఉక్కు, ఎయిర్‌బ్యాగులు కూడా బరువే. ఆ బరువు ప్రాణాన్ని మోస్తుంది, దాన్ని లెక్కలో తీసేయకూడదు. మన దేశంలో కార్ల కంపెనీలకు పెట్టిన ఇంధన నిబంధన సగటున కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడని 2017లో మొదలై, 2022 నుంచి 113కు దిగింది. అందులోనూ బరువైన బళ్ళు చేసే కంపెనీకి కొంత సడలింపు ఉంది. శరీరాన్ని బట్టి ఉపవాసం అన్నమాట. ధర్మశాస్త్రం కూడా స్వభారాన్ని క్షమిస్తుందిగాని, ఖాళీ సీట్లను ఏ శాస్త్రమూ లెక్కపెట్టలేదు. ‘గాని’ లెక్కపెట్టింది.

కనక ‘గాని’ పొట్టు కాదు, గింజ. నేను తోసినప్పుడు నాకు తెలియదు. మంచి టీకాకారుడికి దొరికే అదృష్టం ఇదే: కవికి తెలియని అర్థం కవికే చెప్పడం. ఇద్దరూ ఒకడే అయితే ఇంకా తీరిక.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఉదయం బండి తీసేముందు ఒకసారి చదివినవాడు టైర్లలో గాలి చూసుకుంటాడు. సర్కిలు దగ్గర చదివినవాడు ఇంజను ఆపుతాడు. గుత్తి దారిలో చదివినవాడు నూటి నుంచి ఎనభైకి దిగుతాడు. తోరణగల్లు వైపు ఒంటరిగా పోతూ చదివినవాడు పక్కింటాయన్ను కూడా ఎక్కించుకుంటాడు. వినిపించినవాడికి టీ దొరుకుతుంది.

గద్య

ఇది బళ్ళారి పుర వాస్తవ్యుడును, మోపెడ్ వాహనుడును, మెకానిక్కుచే బరువు విషయమై మందలింపబడినవాడును అగు నాచే రచింపబడిన బండిపద్యమునకు నాచేతనే రచింపబడిన టీకాతాత్పర్యము సమాప్తము.

తాజా కలం: అచ్చుకు పంపేముందు మొత్తం తూచి చూసుకున్నాను. మోయాల్సిన లోడు నాలుగు పాదాలు, ఇరవై మాటలు. దానికోసం కదిలించిన బండి ఇన్ని పేజీలు. సర్కిలులో ఒక్కడే కూచుని పోయే ఆ రెండు టన్నుల కారాయన్ని ఇందాక ఎన్ని మాటలన్నానో చూసుకుని తలవంచుకున్నాను. అన్నా, నువ్వూ నేనూ ఒకటే. నీదెంతిస్తాది?